రెండు లైన్లు, ఒక స్తంభం

తుఫానొచ్చినా వ్యాపారం ఆగకూడదని నెల్లూరు వర్తకులకు హితబోధ చేస్తున్న ఇంటర్నెట్ కంపెనీల మేధావులకు ముందుగా ఒక దండం. మీరు మాకు అమ్మిన బ్యాకప్ లైన్ విషయంలో నాలుగు ముక్కలు విన్నవించుకోవాల్సి ఉంది.

మా అవసరం మీకు తెలియంది కాదు. పొగతోటలో ల్యాబ్ రిపోర్టు పంపాలన్నా, స్టోన్‌హౌస్‌పేటలో బేరం తెమిలి డబ్బు అందాలన్నా నెట్ ఉండాలి. పన్ను పడే సరుకు 50,000 రూపాయలు దాటితే ఆన్‌లైన్‌లో తీసుకున్న ఈ-వే బిల్లు లేకుండా లారీ గేటు దాటదు. టర్నోవర్ 5 కోట్లు దాటినవాడైతే ఇన్వాయిస్ ముందు సర్కారు పోర్టల్‌కు చూపించి నంబరు తెచ్చుకోవాలి. అందుకని మనవాడు బుద్ధిగా రెండు కంపెనీల దగ్గర రెండు కనెక్షన్లు తీసుకుంటాడు. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందని నెలనెలా రెండు బిల్లులూ కడతాడు. రెండు రంగుల డబ్బాలు, రెండు యాప్‌లు, రెండు కస్టమర్ కేర్ నంబర్లు. ఇక కావల్సిందేముంది?

రెండు తీగలూ గోడ దిగి, కాలవ దాటి, ఎదురుగా ఉన్న కరెంటు స్తంభం ఎక్కుతాయి. అక్కడి నుంచి ఒకదాన్నొకటి పెనవేసుకుని, ఒకే ప్లాస్టిక్ ట్యాగు కట్టించుకుని, వీధి చివరిదాకా కొత్త దంపతుల్లా నడిచి వెళతాయి. కొమ్మ విరిగి ఒకదాని మీద పడితే రెండోది బతికి బట్టకట్టే ప్రశ్నే లేదు. సహగమనమే.

ఇహ మీరు హామీ ఇచ్చే 99.9 శాతం అప్‌టైమ్, అంటే లైను ఆగకుండా నడిచే సమయం సంగతి. ఏడాదికి 8,760 గంటలు. అందులో లైను ఆగొచ్చని మీరు మిగుల్చుకున్న 0.1 శాతం అంటే ఎనిమిదీ ముప్పావు గంటలు. మీ లెక్క ప్రకారం బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం ఎవరైనా సరే, చేతికి వాచీ పెట్టుకుని తీరానికి వచ్చి, ఎనిమిదీ ముప్పావు గంటల్లో పని ముగించుకుని వెళ్ళిపోవాలి. వెళ్ళకపోతే? అందుకూ కాగితం వెనక చిన్నక్షరాల్లో ఏర్పాటు చేశారు. తుఫానులు, వరదలు దైవికాలు, వాటికి కంపెనీ బాధ్యత లేదు అని.

అయ్యా, ఆ వాక్యం రాసినాయన ఎప్పుడైనా అక్టోబర్, డిసెంబర్ల మధ్య ఈ జిల్లాలో కాలు పెట్టాడా? మాకు అసలు వానాకాలమే అది. 1989 నవంబర్‌లో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను సంగతి మా పెద్దాళ్ళు ఇంకా చెబుతారు. 2021 నవంబర్‌లో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలుకట్టనే కోసుకుపోయింది. 2023 డిసెంబర్ 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటబోయే ముందు మమ్మల్ని నానబెట్టి వెళ్ళింది. 2025 అక్టోబర్‌లో మొంథా ఎక్కడో నరసాపురం దగ్గర తీరం దాటినా ఇటు ఒంగోలునీ వదల్లేదు. పాల ప్యాకెట్టు వచ్చినంత క్రమంగా వచ్చేదాన్ని అనుకోని విపత్తు అనడానికి ఎంత ధైర్యం కావాలి!

మొంథా వానలు తెరిపిచ్చాక ఒక లారీ ఆఫీసు ముందు నేను కళ్ళారా చూసిన ముచ్చట ఇది. నిద్రగన్నేరు కొమ్మ విరిగి రెండు తీగల్నీ ఒకే దెబ్బకు తెంపింది. మొదటి కంపెనీ తరఫున ఒక కుర్రాడు వచ్చాడు. భుజాన నిచ్చెన, తీగ అతికించే స్ప్లైసింగ్ మెషిను తడవకుండా ఎరువుల సంచి పైన ప్లాస్టిక్ కవరు, మెడలో ఐడీ కార్డు. స్తంభం ఎక్కాడు. వెంట్రుకంత గాజు పోగును ఒలిచి, తుడిచి, కోసి, మెషిన్లో పెట్టి అతికించాడు. పనిమంతుడు. వాడి ముక్కు ముందే రెండో కంపెనీ తీగ తెగి వేలాడుతోంది.

"అబ్బయ్యా, పన్లో పని అదీ అతికిచ్చెయ్," అన్నాడు కిందనుంచి ఆఫీసు ఓనరు.

"కుదరదన్నా. ఆ కంప్లైంట్ టికెట్ ఇంకా పళ్ళా."

"ఆ కంపెనీ ఆయన ఎప్పుడొస్తాడో?"

"నేనేన్నా వచ్చేది."

ఓనరుకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. తర్వాత సెల్ తీసి రెండో కంపెనీకి ఫోన్ కొట్టాడు. కరెంటు ఉందా అన్నారు. రూటర్ ఆపి మళ్ళీ వేశారా అన్నారు. లైటు ఎర్రగా వెలుగుతోందా, పచ్చగా వెలుగుతోందా అన్నారు. తీగ తెగి నా కళ్ళ ముందే ఊగతా ఉంది తల్లీ అంటే, అయినా ఒకసారి రూటర్ ఆపి మళ్ళీ వేయండి సార్ అంది ఆవిడ. చివరికి టికెట్ పడింది. స్తంభం మీద కుర్రాడి జేబులో ఫోను మోగింది.

"ఆ సార్, బయల్దేరతా ఉండా సార్," అన్నాడు వాడు, స్తంభాన్ని కావిలించుకునే.

ఇక్కడితో అయిపోయిందనుకున్నారా? యాప్‌లో 'బయల్దేరాను' నొక్కాక వెంటనే 'చేరుకున్నాను' నొక్కితే ఒప్పుకోదట. మనిషి కదిలినట్టు జీపీఎస్‌లో కనపడాలి. వాడు దిగాడు. బండెక్కి ఆత్మకూరు బస్టాండు వైపు ఒక చుట్టు చుట్టి వచ్చాడు. బండి స్టాండు వేసి, మెడలో కార్డు తిప్పి రెండోది పైకి లాక్కుని, ఓనరు ముందు నిలబడి, "నమస్తే సార్, నెట్ రావటంలేదని కంప్లైంట్ పెట్టింది మీరేనా?" అన్నాడు.

"నేనే నాయనా. ఇందాక మీలాంటి పిల్లోడే ఒకడొచ్చి పోయాడు," అన్నాడు ఓనరు కూడా మర్యాదగా.

ఓటీపీ అడిగాడు, తీసుకున్నాడు, మళ్ళీ అదే స్తంభం ఎక్కాడు. మేమంతా విరగబడి నవ్వాం.

నవ్వు ఎక్కడ ఆగిందంటే వాడి కాళ్ళ దగ్గర. రబ్బరు చెప్పులు. నడుముకు బెల్టు లేదు, చేతికి గ్లవుజుల్లేవు, తలకు టోపీ లేదు. స్తంభం ఇంకా కారుతోంది, వాడి నెత్తికి మూరెడు పైన కరెంటు తీగలు. లైన్ ఆపారా అని అడిగితే, "ఆపే ఉంటారన్నా," అన్నాడు. ఉంటారు! జీతం కాదు, టికెట్‌కి ఇంత అని కాంట్రాక్టరు ఇస్తాడట. జారి పడితే వాడు మావాడు కాదు, కాంట్రాక్టరు మనిషి అంటుంది మొదటి కంపెనీ. ఆ టైంలో వాడు మా టికెట్ మీద లేడు అంటుంది రెండోది. నిమిషాల లెక్కన అప్‌టైమ్ అమ్ముకునే సిగ్గులేని కొంపల్లారా, ముందు ఆ పిల్లాడికి ఒక బెల్టు కొనివ్వండి! రంగు రంగుల బ్రోషర్లకు తగలేసిన డబ్బులో పదో వంతు చాలదా? తుఫాను వెలిసిన మర్నాడు జిల్లా మొత్తాన్ని మళ్ళీ కలిపేది ఇలాంటి పిల్లలు. మీ సర్వర్లూ కాదు, మీ సీఈఓల ట్వీట్లూ కాదు.

వర్తకులకూ ఒక మాట. రెండో లైన్ కావాలంటే కంపెనీ మార్చడం కాదు, దారి మార్చాలి. ఒకటి ముందు వీధి నుంచి వస్తే రెండోది వెనక సందులోంచి రావాలి, లేదా భూమిలోంచి రావాలి, లేదా తీగే లేకుండా రెండు సిమ్ముల రూటర్ మీద రావాలి. ఆ సిమ్ములూ తీగ కంపెనీవి కాకుండా చూసుకోండి. సెల్ టవర్ కూడా బ్యాటరీ, డీజిలు ఉన్నంతసేపే బతుకుతుందని గుర్తుంచుకుని ఈ-వే బిల్లులు వాన ముదరకముందే తీసేసుకోండి. పాత రాగి లైను ఫోనుకు ఎక్స్‌ఛేంజి నుంచే 48 వోల్టుల కరెంటు వచ్చేది కాబట్టి ఊరంతా చీకటైనా మోగేది. గాజు తీగలో వెలుగు వస్తుంది గానీ కరెంటు రాదు. అందుకని రూటర్ డబ్బాకు 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టండి, దాన్నీ డబ్బానీ కలిపి నీళ్ళందని ఎత్తులో బిగించండి. ఎండ కాస్తున్న రోజున మొదటి తీగ పీకి చూడండి, రెండోది దానంతటది అందుకుంటుందో లేదో తెలుస్తుంది.

లారీ ఆఫీసు ఓనరు ఇవన్నీ విన్నాడు. మొన్న మూడో కంపెనీ సేల్స్ అబ్బాయి టై కట్టుకుని వస్తే, కుర్చీ వేసి, తెల్ల కాగితం ముందు పెట్టి, "నీ తీగ ఏ దారిన వస్తుందో గీసి చూపించు," అన్నాడు. అబ్బాయి చక్కగా ఒక మేఘం గీశాడు, ఒక ఆఫీసు గీశాడు, రెంటికీ మధ్య నిటారుగా ఒక నీలం గీత లాగాడు.

"మరి స్తంభం ఏదయ్యా?"

"అది మా స్కోపులోకి రాదు సార్. కరెంటోళ్ళది."