ఫైర్‌వాల్ ఆపితే డేటా ఎక్కుతుందా?

మిర్యాలగూడ రైసుమిల్లుల కంప్యూటర్ ఆపరేటర్ల గ్రూపుల్లో, ఎక్సెల్ లెక్కలను సర్వర్‌లోకి ఎక్కించే ఇంపోర్ట్ టూల్ గురించి ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "ఇంపోర్ట్ టూల్‌లో 'సర్వర్‌కు కనెక్ట్ కాలేదు' అని వస్తే ఫైర్‌వాల్ ఆపండి. పనిచేసే సిస్టమ్‌లోని సెట్టింగులు ఉన్నదున్నట్టు కొట్టండి. పింగ్ వస్తే సర్వర్ బాగున్నట్టే. రూట్ యూజర్ పెట్టండి. అయినా కాకుంటే టూల్ తీసేసి మళ్లీ ఎక్కించండి." దీన్ని నమ్మి ఒక మిల్లువాళ్లు మొన్న పొద్దంతా పోగొట్టుకున్నారు. కాంటా చీటీల ఎక్సెల్ ఎక్కలేదని పొద్దుగూకినాక నన్ను పిలిచారు.

ముందు ఫైర్‌వాల్ సంగతి, అంటే నెట్‌వర్క్‌లో వచ్చిపోయే పిలుపులకు కాపలా కాసే ప్రోగ్రాం సంగతి. కాంటా గదిలోని ఆపరేటర్ తమ్ముడు తన పీసీలోనూ ఆఫీసు సర్వర్‌లోనూ దాన్ని ఆపి పెట్టాడు, ఎర్రర్ కదల్లేదు. స్క్రీన్ మీద ఎర్రర్ నంబరు 2003, దాని పక్కన 10061. ఆ రెండో నంబరే చూడాలి. 10061 అంటే ఆ పోర్టు (సిస్టమ్‌లో ఒక్కో ప్రోగ్రాం పిలుపులు అందుకునే నంబరు తలుపు) దగ్గర ఎవరూ లేరని తిప్పి పంపారని. ఫైర్‌వాల్ అడ్డుపడితే మామూలుగా జవాబే రాదు, కాసేపు తిరిగి 10060 పడుతుంది. (సర్వర్ ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో దాని చిరునామా, తప్పు కొట్టినా అదే రావచ్చు, అదీ గుర్తుండాలి.)

ఏ సిస్టమ్‌కు కలవాలో చెప్పే హోస్ట్ గడిలో చూస్తే 'లోకల్‌హోస్ట్' అని ఉంది. ఆఫీసు గదిలోని సర్వర్ సెట్టింగులు ఫోనులో ఫొటో తీసుకొచ్చి కొట్టాడట. ఉన్నదున్నట్టు కొట్టమంటే వచ్చే తంటా ఇదే. లోకల్‌హోస్ట్ అంటే 127.0.0.1, అంటే ఏ సిస్టమ్ మీద కొడితే ఆ సిస్టమే. కాంటా గది పీసీలో మైఎస్‌క్యూఎల్ (డేటా దాచే సర్వర్ ప్రోగ్రాం) లేనే లేదు. పిలుపు ఆ గది గడపే దాటలేదు, ఇక ఫైర్‌వాల్ దేన్ని ఆపుతుంది?

"అన్నా, పింగైతే వస్తుంది గదా!" అన్నాడు. పింగ్ అంటే ఆ సిస్టమ్ నెట్‌వర్క్‌లో పలుకుతోందా అని అడగడమే, దానికి పోర్టుతో పనిలేదు. మిల్లు గేటు తీసి ఉందని చెబుతుందే గానీ లోపల గుమస్తా ఉన్నాడో లేడో చెప్పదు. విండోస్‌లో కమాండ్లు కొట్టే పవర్‌షెల్‌లో 'టెస్ట్-నెట్‌కనెక్షన్'కు ఐపీతో పాటు పోర్టు కూడా ఇచ్చి అడగాలి. మామూలుగా మైఎస్‌క్యూఎల్‌కు 3306, అలాంటివే అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు 1433, పోస్ట్‌గ్రెస్‌కు 5432.

సర్వర్ ఐపీ కొట్టగానే ఎర్రర్ 1130కి మారింది. తమ్ముడు తల పట్టుకున్నాడు, నాకైతే ప్రాణం లేచొచ్చింది. సర్వర్ పలికిందన్నమాట, ఈ పీసీకి అనుమతి లేదంటోంది అంతే. మైఎస్‌క్యూఎల్‌లో యూజర్ అంటే పేరొక్కటే కాదు, ఎక్కడి నుంచి వస్తున్నాడన్నదీ లెక్కే. అన్ని హక్కులూ ఉన్న రూట్ యూజర్ పెట్టినా ఇదే ఎర్రర్: మామూలు ఇన్‌స్టాలేషన్‌లో రూట్‌కు సర్వర్ మీది నుంచే దారి ఉంటుంది. దాన్ని అందరికీ తెరవడమంటే బీరువా తాళాలు గుత్తిగా గేటుకు తగిలించడమే. కాంటా పీసీకని వేరే యూజర్ పెట్టి, ఆ ఒక్క డేటాబేసుకే హక్కులిచ్చాను. పాస్‌వర్డు ఒకసారి తప్పు కొట్టాడు, అప్పుడు 1045 వచ్చింది. అదీ వేరే నంబరే.

టూల్ మళ్లీ ఎక్కించడం వాళ్లు మధ్యాహ్నమే రెండుసార్లు చేశారట. చాలా టూళ్లు సెట్టింగులను యూజర్ ప్రొఫైల్ ఫోల్డరులో దాచుకుంటాయి. తీసేసి ఎక్కిస్తే రెండుసార్లూ గడిలో అదే లోకల్‌హోస్ట్ నిండి వచ్చింది.

లేచే ముందు రెండు ఫైర్‌వాళ్లూ మళ్లీ ఆన్ చేసి, సర్వర్‌లో 3306కు లోపలి నెట్‌వర్క్ వరకే దారి వదిలాను. ఐపీ మారకుండా రౌటర్‌లో ఖాయం చేశాను. చీటీలు ఎక్కుతుంటే తమ్ముడు ఫోన్ తీసి ఆ మెసేజ్ కింద ఏదో టైప్ చేయడం మొదలుపెట్టాడు.