ఫోనులో కొలువున్న లక్స్ మీటర్ యాప్ గారికి

మహారాజశ్రీ, వెలుగు కొలిచే ఉచిత లక్స్ మీటర్ యాప్ గారికి,

నమస్కారాలు. హైదరాబాదు అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివే పిల్లలు కూర్చునే స్టడీ హాళ్లలో ఇప్పుడు మీ మాటే వేదం. "అన్నా, లైటు సాలట్లేదు" అని ఎవరైనా అంటే చాలు, ఓనరు జేబులోంచి మిమ్మల్ని తీసి, ట్యూబు కిందికెళ్లి చెయ్యి పైకెత్తి పట్టుకుంటాడు. మీరు 612.4 లక్స్ అంటారు. "ఆరొందలుంది, ఇంకేం కావాలె?" అంటాడు. ఫిర్యాదు కొట్టివేయబడింది. కింద బల్ల మీద 180 ఉందో 200 ఉందో అడిగే నాథుడు లేడు. పుస్తకం తెరిచేది మాత్రం అక్కడే.

ఆ 612 అబద్ధమనం. ఎత్తిన చేతి దగ్గర ఉండే ఉంటుంది. దీపం ఇచ్చే వెలుగుని ల్యూమెన్లలో కొలుస్తారు. లక్స్ అంటేనే చదరపు మీటరు చోటు మీద ఎన్ని ల్యూమెన్లు పడుతున్నాయన్న లెక్క. చోటు మారితే అంకె మారుతుంది. చిన్న బల్బు నుంచి రెట్టింపు దూరం జరిగితే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. నాలుగడుగుల ట్యూబుకైతే ఈ సూత్రం దగ్గర్లో చెల్లదు. పొడవుకి అయిదింతలు, అంటే ఆరు మీటర్లు దూరం పోవాలి. హాలు ఎత్తే మూడు మీటర్లాయె. కాబట్టి పైన కొలిచి కింద లెక్కేసే తెలివి పనికిరాదు, బల్ల దగ్గరే కొలవాలి.

అదెలాగో మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. రాత్రిపూట, కిటికీ వెలుగు లేనప్పుడు, ట్యూబులు వేసి అరగంట ఆగాలి. హాలుని మీటరు గళ్లుగా విడదీసి, ఒక్కో గడి మధ్యలో, నేలకి 75-80 సెంటీమీటర్ల ఎత్తున, సెన్సరు నేరుగా పైకి చూసేలా పెట్టి చదవాలి. అన్నిటి సగటు తియ్యాలి. ఆ తర్వాత అన్నిటికన్నా తక్కువ అంకెని సగటుతో భాగించాలి. 0.6 కూడా రాకపోతే మూలబల్ల కుర్రాడు చీకట్లో ఉన్నట్టే, సగటు ఎంత ఘనంగా ఉన్నా.

ఇక్కడే మీ ఒంటి తీరు అడ్డొస్తుంది. మంచి లక్స్ మీటరుకి సెన్సరు వేరే డబ్బీలో ఉంటుంది, మధ్యలో మెలికల వైరు. అది అలంకారం కాదు. సెన్సరుని బల్ల మీద వదిలేసి, మనిషి తన నీడతో సహా పక్కకి తప్పుకోవడానికి. మీకేమో కన్నూ అంకే ఒకే ముఖాన. అంకె చదవాలని వంగితే తల వెలుగుకి అడ్డం. తల తీస్తే అంకె కనపడదు.

ఆ కన్నయినా ఎంతని? ఇయర్‌పీసు పక్కన ఆవగింజంత నల్ల చుక్క. దాని మీద టెంపర్డ్ గ్లాసు, ఆ గ్లాసు మీద నూనె వేలిముద్ర. స్క్రీను వెలుగు ఎంత పెంచాలో చూసుకోవడానికి పెట్టిన ఉద్యోగి. మీటరు సెన్సరు మీద తెల్లటి బుడిపె ఉంటుంది, చూశారా? పక్కల నుంచి ఏటవాలుగా వచ్చే వెలుగుని న్యాయంగా లెక్కలోకి తెచ్చేది అదే. 60 డిగ్రీల వాలున వచ్చిన వెలుగు సరిగ్గా సగం లెక్కకి రావాలి. వరసగా ట్యూబులున్న హాల్లో బల్ల మీద పడేది చాలా మటుకు ఏటవాలు వెలుగే. గ్లాసు కింద నక్కిన మీ చుక్క దాన్ని సగం కన్నా తక్కువకే చూస్తుంది.

రంగు సంగతి ఇంకో గొడవ. మన కన్ను ఆకుపచ్చ దగ్గర, 555 నానోమీటర్ల వద్ద, అన్నిటికంటే చురుకు. అక్కడ ఒక వాటు వెలుగు 683 ల్యూమెన్లు. ఎల్ఈడీలో దండిగా ఉండే 450 దగ్గరి నీలం అయితే అదే వాటుకి సుమారు 26. సెన్సరులోని సిలికానుకి ఈ పక్షపాతం లేదు, పైగా మనకి కనపడని పరారుణమంటే దానికి మహా ఇష్టం. అందుకే మీటర్లో దాని మీద రంగు ఫిల్టరు వేసి మన కన్నులా మారుస్తారు. మీ సంగతి తేల్చడానికి, ఆ పరారుణాన్నే వదిలే టీవీ రిమోట్ చాలు. చుక్కకి ఆనించి బటన్ నొక్కితే అంకె గెంతకూడదు. గెంతిందా, మనుషులకి లేని వెలుగు మీకు కనపడుతోందన్నమాట.

ఐఫోన్లోని మీ చుట్టాలది మరీ విడ్డూరం. అక్కడ బయటి యాప్‌లకి ఆ చుక్క అందదు, కెమెరాతో నడిపిస్తారు. కెమెరా చూసేది వస్తువు మీంచి తిరిగొచ్చే వెలుగుని. బల్ల మీద పడేది అదే 500 లక్స్, తెల్లకాగితం వైపు తిప్పితే కెమెరాకి కనపడే మెరుపు చదరపు మీటరుకి 127 క్యాండెలాలు (ఆ మెరుపుకి కొలమానం అదే), నల్ల రెగ్జిన్ బ్యాగు వైపు తిప్పితే ఎనిమిది. బ్యాగు పెట్టగానే హాల్లో కరెంటు పోయిందా?

మీకంటే మిర్చి బజ్జీ కట్టిన కాగితం నయం. వెటకారం కాదు. 19వ శతాబ్దంలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త బున్‌సెన్ కొలిచింది నూనె మరకతోనే. తెల్లకాగితం మీద మరక చేసి, చీకటి గదిలో అటొక బల్బు ఇటొక బల్బు పెట్టి కాగితాన్ని జరపాలి. మరక మాయమైన చోట రెండు వైపులా వెలుగు సమానం. పాత బల్బు 40 సెంటీమీటర్ల దూరంలో, కొత్తది 60లో ఉంటే, ఒకటిన్నరకి వర్గం, 2.25. కొత్తది ఆ దిక్కున రెండుంపావు రెట్లు కాంతి ఇస్తోంది. ఆ మరక ఎన్నడూ దశాంశం దాకా పోలేదు. పోల్చడమే తన పని అని దానికి తెలుసు.

మీకూ ఆ పని వచ్చు. ట్యూబుల దుమ్ము తుడవకముందు ఒకసారి, తుడిచాక ఒకసారి, అదే ఫోను, బల్ల మీద అదే సుద్దగుర్తు. 160 కాస్తా 200 అయితే అయిదో వంతు వెలుగు దుమ్మే తింటోందని ధైర్యంగా చెప్పండి. అది మాత్రం నమ్ముతాం.

ఇట్లు,
మూలబల్లల వారి పక్షాన,
హైదరాబాదు.

తా.క.: ట్రూప్ బజార్‌లో "ఎన్ని వాట్లు?" అని అడిగి ట్యూబులు కొనే ఓనరు గారికి ఈ లెక్క చూపించండి. 2000 ల్యూమెన్ల ట్యూబులు ఆరు, హాలు అయిదు బై నాలుగు మీటర్లు. 12,000ని 20తో భాగిస్తే 600. సంబరపడొద్దు. గోడలూ సీలింగూ మింగగా మిగిలేది సగం పైచిలుకు. దుమ్ముకీ పాతబడినందుకూ మరో అయిదో వంతు పోతే 260 చిల్లర. సీలింగుకి తెల్లసున్నం వేయిస్తే కొంత తిరిగొస్తుంది.