సవరణ: రెండు పోర్టులు కలిపితే ఒక్క కాపీకి డబుల్ స్పీడ్ రాదు

మొన్న లినక్స్ బాండింగ్ (అంటే కొన్ని నెట్‌వర్క్ పోర్టుల్ని కలిపి ఒక్కటిగా వాడటం) పోస్టులో, రెండు 1 గిగాబిట్ పోర్టుల్ని ఎల్ఏసీపీ (స్విచ్‌తో మాట్లాడుకుని లింకుల్ని కలిపే పద్ధతి), అంటే బాండింగ్ మోడ్ 4లో కలిపితే ఒక్క ఫైల్ కాపీ కూడా 2 గిగాబిట్‌లో వెళ్తుందని రాశాను, అది తప్పు, టెస్ట్ చెయ్యకుండా రాసేశా. రాత్రి ఐపెర్ఫ్ (నెట్‌వర్క్ స్పీడ్ కొలిచే టూల్) పెట్టి చూస్తే సింగిల్ కనెక్షన్ 940 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోయింది, అప్పుడు కెర్నెల్ డాక్యుమెంటేషన్ తీసి చదివా. ఒక కనెక్షన్ ప్యాకెట్లన్నీ హ్యాష్ (అడ్రస్‌ల లాంటి వివరాల నుంచి లెక్కకట్టే నంబర్) ప్రకారం ఒకే కేబుల్ మీద పోతాయి, లేకపోతే వాటి వరుస తప్పుతుంది. డీఫాల్ట్ హ్యాష్ లేయర్ 2, ప్రధానంగా మ్యాక్ అడ్రస్‌లే (నెట్‌వర్క్ కార్డుల హార్డ్‌వేర్ అడ్రస్‌లు) చూస్తుంది కాబట్టి రౌటర్ అవతలికి పోయేదంతా ఒకే కేబుల్ ఎక్కేస్తుంది, లేయర్ 3+4కి మారిస్తే ఐపీ అడ్రస్‌లు, టీసీపీ/యూడీపీ పోర్టు నంబర్లు (కేబుల్ పెట్టే పోర్టులు కాదు) చూసి వేర్వేరు కనెక్షన్లని పంచుతుంది. ఫెయిలోవర్ (ఒకటి పోతే ఇంకోటి అందుకోవడం) గురించి ఆ పోస్టులో రాసింది కరెక్టే, ఒక కేబుల్ పీకేసినా రెండోదాని మీద నడుస్తుంది.