ఇరవై శాతం ఇథనాల్ గారికి పాత బండి యజమాని విన్నపం

చెరకు, ధాన్యాల నుంచి పుట్టి పెట్రోలులో కలిసే మహారాజశ్రీ ఇథనాల్ గారికి,

నల్లగొండ నుంచి ఒక పాత మోటారు సైకిలు యజమాని నమస్కరించి వ్రాయునది ఏమనగా, తమరు మా పెట్రోలు ట్యాంకులో క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ట్యాంకు క్షేమం గురించి కింద మనవి చేసుకుంటాను.

2003లో ఐదు శాతం వాటాతో కొన్ని రాష్ట్రాల పెట్రోలులో తమరు అడుగుపెట్టిన సంగతి మాలో చాలామందికి తెలియనే లేదు. 2022 నాటికి తమరి వాటా పది శాతమైంది. 2030లోగా ఇరవై శాతం చేరాలన్న లక్ష్యాన్ని ప్రభుత్వం 2025–26కు ముందుకు జరపగా, తమరు దానిని 2025లోనే అందుకున్నారు. శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం గుండా కృష్ణా నీళ్లు వస్తాయని ఇరవై ఏళ్లుగా ఎదురుచూస్తున్న జిల్లా మాది కనుక, గడువుకు ముందే ఇంటి ముందుకు వచ్చిన ద్రవపదార్థాన్ని చూసి ఆశ్చర్యపోవడం మా వంతైంది.

ముందుగా తమరి మీద పడిన నిందల్లో కొన్నింటిని నేనే కొట్టివేయదలిచాను. తమరు పిస్టన్‌ను తినేస్తారని, సిలిండరు లోపలి గోడను గీకేస్తారని, ఏడాది తిరిగేసరికి ఇంజను పట్టేస్తుందని టీకొట్ల దగ్గర వినిపించే మాటలు చాలావరకు భయం పుట్టించినవే. ఇంధనం ముందే పేలిపోకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పే ఆక్టేన్ సంఖ్య తమరికి వందకు పైమాటే. తమరు ఇరవై శాతం కలిసిన ‘ఈ20’ పెట్రోలుకు 95 ఉంటుంది కాబట్టి ఇంజనులో టకటక శబ్దం తగ్గాలే తప్ప పెరగకూడదు. అయితే ఆ గొప్పతనాన్ని వాడుకోవాలంటే అధిక పీడనంతో పనిచేసేలా కట్టిన ఇంజను కావాలి. 91 ఆక్టేన్ పెట్రోలును దృష్టిలో పెట్టుకుని తయారుచేసిన నా బండికి తమరి పాండిత్యం అక్కరకు రాదు.

ఇక అసలు లెక్కకు వస్తాను. లీటరు పెట్రోలు ఇచ్చే శక్తిలో తమరు ఇచ్చేది సుమారు మూడింట రెండు వంతులే. తమరి వాటా ఐదో వంతు, అందులో లోటు మూడో వంతు, అంటే మొత్తం లీటరులో పదిహేనో వంతు శక్తి గాలికి పోయినట్లే. ఇది నా కక్షతో వేసిన లెక్క కాదు. నీతి ఆయోగ్ 2021లో వెలువరించిన నివేదికే, ఇథనాల్ లేని పెట్రోలు కోసం రూపొందించి పది శాతానికి సర్దిన కార్లలో ఆరేడు శాతం, ద్విచక్ర వాహనాల్లో మూడు నాలుగు శాతం మైలేజీ తగ్గుతుందని రాసింది. ఆ నష్టం పూడాలంటే ఈ ఇంధనం ధర మామూలు పెట్రోలు కన్నా తక్కువగా ఉండాలని కూడా అదే నివేదిక సూచించింది. నివేదికలోని శాతం బంకు దాకా వచ్చింది గానీ, ధర మాత్రం నివేదికలోనే ఉండిపోయింది. మట్టి పనికి వెళ్లిన పాలమూరు కూలీ మూడు గజాల గుంతకు రెండు గజాలే తవ్వి పూర్తి కూలి అడిగితే ఏ మేస్త్రీ అయినా ఇస్తాడా?

2020 ఏప్రిల్ తర్వాత బీఎస్6 అనే కాలుష్య ప్రమాణంతో వచ్చిన బళ్లలో చాలావాటికి పొగను చూసి ఆక్సిజన్ కొలిచే సెన్సరు ఉంటుంది కనుక, తమరు కాస్త ఎక్కువ కలిసినా ఒక హద్దు దాకా కంప్యూటరు ఇంధనాన్ని సర్దుకుంటుంది. నా బండికి ఉన్నది గాలిలో పెట్రోలును కలిపే పాతకాలపు కార్బొరేటర్. ఒక గ్రాము పెట్రోలు కాలడానికి 14.7 గ్రాముల గాలి కావాలి, తమరికి 9 గ్రాములు చాలు. ఎందుకంటే తమరు సొంత ఆక్సిజన్ వెంట తెచ్చుకుంటారు. పెట్రోలు వచ్చే జెట్టు రంధ్రం మాత్రం కంపెనీలో చేసినంతే ఉంటుంది. దాంతో ఇంధనం తక్కువ, గాలి ఎక్కువ అయి, పొద్దున్నే కిక్కు కొట్టీ కొట్టీ కాలు నొప్పి పుడుతోంది, దేవరకొండ రోడ్డులో లారీని దాటబోతే పికప్ అందడం లేదు, నల్లగొండ మే నెల ఎండకు తోడు ఇంజను కూడా తన వంతు వేడిని చేరుస్తోంది.

రబ్బరు సంగతి మరొకటి. పాత రబ్బరు తమరిని తాగి ఉబ్బుతుంది, తర్వాత ఆరి పగులుతుంది. పెట్రోలు ట్యాపు వాషరు, కార్బొరేటర్ ఓ-రింగ్ చెమర్చడం అలా మొదలవుతుంది. ఏళ్ల తరబడి ట్యాంకు అడుగున పేరుకున్న జిగురును కూడా కరిగించి ఫిల్టరులోకి తోస్తారు. కొన్ని పాత వాహనాల్లో ఇరవై, ముప్పై వేల కిలోమీటర్ల తర్వాత కొన్ని రబ్బరు భాగాలు మార్చవలసి రావచ్చని, అవి చవకైనవేనని 2025 ఆగస్టులో పెట్రోలియం మంత్రిత్వ శాఖ సెలవిచ్చింది. వాషరు చవకే, కాదనను. ట్యాంకు దించి, కార్బొరేటర్ విప్పి, కడిగి, తిరిగి బిగించే మెకానిక్ కూలీ, ఆ పూట పోయిన నా పనీ చవక కావని మనవి.

తమరికి నీటి మీద ఉన్న మమకారం కూడా ప్రస్తావించక తప్పదు. మామూలు పెట్రోలులో పడిన నీరు వేరుగా అడుగున కూర్చుంటుంది. తమరు గాలిలోని తేమను కూడా పిలిచి కలుపుకుంటారు; అది మితిమీరితే నీటితో సహా పెట్రోలును వదిలి అడుగుకు దిగుతారు, ఇంజనుకు ముందుగా అందేది అదే. రోజూ తిరిగే బండికి ఈ బెడద అంతగా ఉండదు. మహబూబ్‌నగర్ పల్లెల నుంచి వలస పోయేవాళ్లు బండిని చెట్టు కింద పెట్టి నెలల తరబడి ఊరు విడిచిపోతారు. వానాకాలం గడిచాక వచ్చి కిక్కు కొడితే ట్యాంకులో తుప్పు పలకరిస్తుంది. ట్యాంకు నిండుగా ఉంచితే తేమ తక్కువ చేరుతుందని మెకానిక్‌లు చెబుతారు. ట్యాంకు నింపే స్తోమత ఉంటే వలస ఎందుకు పోతారో మాత్రం చెప్పరు.

చెరకు, మొక్కజొన్న, నూకల నుంచి పుట్టి రైతుకు మేలు చేస్తానని తమరు చెప్పుకుంటారు. ముడి చమురు దిగుమతి తగ్గిస్తామనీ అంటారు. మిర్యాలగూడ మిల్లుల పక్కన బతికే మాకు ఆ మాట మీద గౌరవమే. నారాయణపేట జిల్లా చిత్తనూరు వాసులు తమరి కర్మాగారం వద్దని 2023లో ఎందుకు రోడ్డెక్కారో తమరే వారిని అడిగి తెలుసుకోగలరు.

ఇథనాల్ లేని పెట్రోలు కూడా అమ్మాలని, బంకుల్లో శాతం స్పష్టంగా రాయాలని కోరిన వ్యాజ్యాన్ని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. అందుకే నేరుగా తమరికే రాస్తున్నాను. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతో పరీక్షించి చెప్పించుకోవడానికి అలవాటుపడిన జిల్లా మాది. బండి ఏం తాగుతోందో తెలుసుకోగోరడం అత్యాశ కాదు. పంపు మీద తమరి శాతం తెలుగులో పెద్దగా రాయించండి. తమరి ఇరవై శాతానికి తగ్గట్టు కట్టని, 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బళ్ల కోసం పది శాతానికి మించని పెట్రోలు ఒక పంపులో ఉంచండి. రెండూ కుదరవంటే ధరలో ఆ పదిహేనో వంతు తగ్గించండి, వాషర్ల ఖర్చు మేమే పెట్టుకుంటాం.

ఇట్లు,
తమరి ఐదో వంతును మోస్తున్న,
కార్బొరేటర్ బండి యజమాని,
నల్లగొండ