డిజిటల్ రూపాయి క్రిప్టోకు పోటీ కాదు
రిజర్వ్ బ్యాంకే విడుదల చేసే డిజిటల్ రూపాయి (ఇ-రూపాయి) అలవాటైతే జనం బిట్‌కాయిన్ లాంటి క్రిప్టో వైపు చూడటం మానేస్తారని ఒక వ్యాసంలో చదివాను. నేను ఒప్పుకోను. 2022 డిసెంబర్ 1న రిజర్వ్ బ్యాంక్ దాన్ని మామూలు జనం వాడకానికి ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. ఆ తర్వాత నేనూ ఫోన్‌లో దాని వాలెట్ తెచ్చుకున్నాను. మా వీధి చివర టిఫిన్ బండి దగ్గర ఇడ్లీకి 40 రూపాయలు అందులోంచే కట్టాను. అదే క్యూఆర్, అదే స్కాన్. బండాయనకు తేడా తెలియలేదు, నిజం చెప్పాలంటే నాకూ తెలియలేదు. యూపీఐ ఉండగా ఇంకోటి ఎందుకని మా ఆవిడ అడిగితే జవాబు దొరకలేదు. క్రిప్టో కొనేవాళ్లు ఇడ్లీలకు కట్టడానికి కొనడం లేదు కదా, రేటు పెరుగుతుందని కొంటున్నారు. ఇ-రూపాయి ఎప్పటికీ రూపాయే, వడ్డీ కూడా రాదు. వాళ్లను నిజంగా ఆపింది పన్ను. క్రిప్టో వ్యాపారానికి సేవలు అందించొద్దని 2018లో రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకు పెట్టిన ఆంక్ష నిలవలేదు, 2020 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను, జులై నుంచి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) వచ్చాయి. మా బావమరిదికి ఒక కాయిన్‌లో 20 వేలు లాభం, ఇంకోదాంట్లో 30 వేలు నష్టం. ఒకదాని నష్టాన్ని ఇంకోదాని లాభంలోంచి తీసేయనివ్వరు కాబట్టి, మొత్తమ్మీద పోగొట్టుకుని కూడా సెస్సుతో కలిపి 6,240 కట్టాడు. ఆ రోజు నుంచి ఆ యాప్ తెరవలేదు. ఇ-రూపాయి అవసరం వేరే చోట ఉంది. సిగ్నల్ అందని ఏజెన్సీ సంతల్లో నెట్ లేకుండా చెల్లింపు జరిగేలా చేస్తే చాలు, అక్కడ దాన్ని అందరూ వాడతారు.