మార్ఫిన్ మెసేజి పంపుతున్న బంధుమిత్రులకు

"హాస్పిస్‌లో చేర్చారో, ప్రాణం తీసేస్తారు, జాగ్రత్త!" ఈ మెసేజి బాబాయి పంపాడు, పాత ఆఫీసు మిత్రుడు పంపాడు, మా అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూపులోకైతే దండం పెట్టే బొమ్మలతో సహా వచ్చింది. మా పెద్దమ్మ ఇక్కడే, బెంగళూరులో, నయంకాని జబ్బుతో చివరి రోజుల్లో ఉన్నవాళ్లను చూసుకునే ఒక హాస్పిస్‌లో కన్నుమూసిందని వీళ్లందరికీ తెలుసు. పెద్దకర్మ భోజనాలకు అన్నయ్య అక్కడి నర్సులను పేరుపేరునా పిలిచాడు. బాబాయి వాళ్ల పక్కనే కూర్చుని తిన్నాడు కూడా.

డబ్బు గుంజుతారట. మారతహళ్లి దగ్గరి కరుణాశ్రయ హాస్పిస్ 1999 నుంచి క్యాన్సర్ రోగులను ఉచితంగా చూస్తోంది. ఆ ముచ్చట అంతటితో సరి.

అన్నం, నీళ్లు మాన్పించి ఎండగడతారట. చివరి రోజుల్లో ఆకలి దానంతట అదే పోతుంది. మింగలేని మనిషి నోట్లో గంజి పోస్తే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. పెద్దమ్మ ముద్ద వద్దంటే నర్సు బలవంతం చేయలేదు. తడి గాజుగుడ్డతో పెదవులు, నాలుక తుడుస్తూ ఉండేది. పెద్దమ్మ ఆవకాయ కావాలంటే, ఊట వేలికి అంటించి నాలుక మీద రాయమని వదినకు ఆ నర్సే చెప్పింది. ఎండగట్టడమంటే ఇదే కాబోలు!

అసలు విషమంతా మార్ఫిన్ అనే నొప్పి మందు మాటలో ఉంది. అది ఇచ్చి మెల్లగా చంపుతారట. క్యాన్సర్ వెన్నెముకకు పాకి పెద్దమ్మ పక్కకు ఒత్తిగిలలేకపోయేది. తక్కువ మోతాదుతో మొదలుపెట్టారు. నాలుగు గంటలకోసారి మాత్ర ఇస్తూ, నొప్పి పదిలో ఎంతని అడిగి రాసుకుంటూ, అవసరమైన మేరకే పెంచారు. మొదట్లో మత్తుగా పడి ఉన్నా, తర్వాత తేరుకుని మనవరాలి పెళ్లి సంబంధం గురించి ఆరా తీసింది. మార్ఫిన్‌తో మలబద్ధకం వస్తుందని దానికీ మందు ఇచ్చారు. చంపదలచుకున్నవాళ్లకు రేపటి విరేచనం గురించి దిగులెందుకో ఆ మెసేజి రాసిన మహానుభావుడే చెప్పాలి.

మార్ఫిన్ తయారయ్యే నల్లమందును మందుల కోసం చట్టబద్ధంగా పండించే కొద్ది దేశాల్లో మనదీ ఒకటి. అయినా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం తెచ్చిన లైసెన్సుల చిక్కులకు జడిసి చాలా ఆసుపత్రులు మార్ఫిన్ జోలికే పోలేదు. 2014 సవరణతో ఆ ముడి కొంత సడలింది. చట్టం వదిలినా వాట్సాప్ వదలడం లేదు. పోనీ, ఆయుష్షు తగ్గుతుందా? ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులపై అమెరికాలో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి నుంచీ ఉపశమన వైద్యం, అంటే నొప్పి, బాధ తగ్గించే వైద్యం కూడా అందినవారే ఎక్కువ కాలం బతికారు.

మా వీధిలో ఒకాయన ఈ మెసేజి చదివి తల్లికి మాత్రలు ఆపేశాడు. ఆ రాత్రి ఆవిడ కేకలు మా వంటింటి కిటికీలోకి వినిపించాయి. పొద్దున్నే నర్సు వచ్చి మళ్లీ మాత్రలు మొదలుపెట్టింది. ఫార్వర్డ్ చేసిన పుణ్యాత్ములు ఆ వేళకు హాయిగా నిద్రపోయి ఉంటారు.

కన్నవాళ్లను వదిలించుకోవడానికే అక్కడ చేరుస్తారట. ఇది పూర్తిగా అబద్ధమని అనలేను. పెద్దమ్మ పక్క మంచం తాతగారి కొడుకు చేర్చిన రోజు తర్వాత మళ్లీ మాకు కనిపించలేదు. ఆయనకు గడ్డం గీసింది, వీపుకు పౌడరు రాసింది, చివరి రాత్రి చెయ్యి పట్టుకుని కూర్చున్నది అక్కడి ఆయాలూ నర్సులే. ఆ కొడుకు తప్పునూ వాళ్ల ఖాతాలోనే రాయమంటారా?