సవరణ: చిన్న సేవా సంస్థ నిల్వను లెక్కించే పద్ధతి

కోనసీమలోని చిన్న సేవా ట్రస్టుల ఆర్థిక స్థితిని అంచనా వేయడంపై లోగడ రాసిన వ్యాసంలో, మార్చి 31 నాటి బ్యాంకు నిల్వను నెలవారీ ఖర్చుతో భాగిస్తే సంస్థ ఎన్ని నెలలు నిలబడగలదో తెలుస్తుందని ఉంది. ఆ వాక్యాన్ని ఇలా చదువుకోవాలి: మొత్తం నిల్వలోంచి మూలనిధిని (ఖర్చు చేయకుండా శాశ్వతంగా ఉంచవలసిన సొమ్మును), ఫలానా పనికేనని దాతలు నిర్దేశించి ఇచ్చిన సొమ్మును, చెల్లించవలసిన బకాయిలను తీసివేసి, మిగిలినదాన్నే భాగించాలి.

ఈ తేడా మన డెల్టాలో చిన్నది కాదు. గోదావరికి వరద వచ్చి లంక గ్రామాలు మునిగినప్పుడు అందే విరాళాలు సహాయక చర్యల కోసం ఇచ్చినవి కాబట్టి, వాటిలో మిగిలిన మొత్తం ఖాతాలో కనిపిస్తున్నా, వృద్ధాశ్రమం వంటమనిషి జీతానికి వాడదగినది కాదు. ఉదాహరణకు, ఖాతాల్లోను డిపాజిట్లలోను కలిపి 9 లక్షల రూపాయలుండి, అందులో మూలనిధి 4 లక్షలు, వరద సాయం మిగులు 2 లక్షలు, బకాయిలు 1 లక్ష అయితే, నెలకు లక్ష ఖర్చు చేసే సంస్థ చేతిలో ఉన్నది రెండు నెలల గ్రాసమే, తొమ్మిది నెలలది కాదు. పైగా దాళ్వా (రబీ పంట) ధాన్యం సొమ్ము రైతుల చేతికి ఎక్కువగా మార్చి తర్వాతే అందుతుంది గనుక, వారి చందాలపై ఆధారపడే ట్రస్టుకు ఆ ఒక్క తేదీ నిల్వ ఏడాది పరిస్థితిని చూపదు. నెలవారీ నిల్వలు అడిగి చూడడం మేలు. (అడిగితే విసుక్కునే ట్రస్టు విషయంలో ఆ విసుగును కూడా లెక్కలోకి తీసుకోవచ్చు.)

ఇక, సేవా సంస్థ తన ఆదాయంలో కనీసం 85 శాతం ఖర్చు చేయాలన్న నియమం ఆదాయపు పన్ను చట్టంలో పన్ను మినహాయింపుకు పెట్టిన షరతు మాత్రమే. దాన్ని ఆర్థిక ఆరోగ్యానికి కొలమానంగా తీసుకోకూడదు.